నూనె ప్యాకెట్టులో స్వేచ్ఛా వాణిజ్యం

టీవీ వార్తల్లో 'ఫలానా దేశంతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదిరింది' అని రాగానే మన ఇళ్లలో చాలామంది చానల్ మార్చేస్తారు. అది ఢిల్లీలో మంత్రులు, పెద్ద కంపెనీలు చూసుకునే వ్యవహారమని మన ఉద్దేశం. కానీ ఈ పత్రిక చదివే కుటుంబాల్లో ఆ ఒప్పందాల ప్రభావం పడని వంటిల్లు ఒక్కటి కూడా ఉండదు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. అందులో అన్నిటికన్నా పెద్ద వాటా పామాయిల్‌ది. అది వచ్చేది ముఖ్యంగా ఇండోనేషియా, మలేషియాల నుంచి. 'మేం పామాయిల్ కొనం, సన్‌ఫ్లవరే వాడతాం' అనేవాళ్లు కూడా పిల్లలు తినే బిస్కెట్ ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదివితే ఆ పేరు కనబడుతుంది. బేకరీ సరుకుల్లోనూ, మిక్చర్ ప్యాకెట్లలోనూ, చివరికి ఒంటి సబ్బులోనూ ఉంటుంది.

ఉద్యోగరీత్యా ఈ సరుకును నేను రెండు వైపుల నుంచీ చూశాను. కొన్నేళ్లు విదేశీ మారకద్రవ్య విభాగంలో పనిచేసినప్పుడు పామాయిల్ దిగుమతిదారుల లెటర్ ఆఫ్ క్రెడిట్ పత్రాలు నా టేబుల్ మీదకు వచ్చేవి. తర్వాత ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా మెట్ట ప్రాంతంలో ఒక శాఖలో ఉన్నప్పుడు అదే పామాయిల్ పండించే రైతులకు తోట రుణాలు ఇచ్చాను. అక్కడ ఓడలో వచ్చే నూనె, ఇక్కడ ట్రాక్టర్‌లో వెళ్లే గెల. ఈ రెండింటి మధ్య ఉన్న లంకె అర్థమైతే, ప్రాంతీయ వాణిజ్య ఒప్పందాలు మనలాంటి వర్ధమాన దేశాలను ఏం చేస్తాయో చాలావరకు అర్థమైనట్టే.

అసలు ఒప్పందం అంటే ఏమిటి?

ప్రపంచ వాణిజ్య సంస్థలో ఒక మూలసూత్రం ఉంది. ఒక సభ్యదేశం సరుకు మీద సుంకం తగ్గిస్తే, మిగతా సభ్యదేశాలన్నిటికీ అంతే తగ్గించాలి. పక్షపాతం చూపకూడదు. అయితే కొన్ని దేశాలు కలిసి తమలో తాము సుంకాలు తీసేసుకోవడానికి ఇదే నిబంధనల్లో ఒక మినహాయింపు ఉంది. వర్ధమాన దేశాలకు 1979 నుంచి ఇంకాస్త వెసులుబాటు కూడా ఉంది. ఆ మినహాయింపు కిందే ప్రాంతీయ ఒప్పందాలన్నీ వచ్చాయి. మనకు శ్రీలంకతో ఉన్నది 2000 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దక్షిణాసియా దేశాలన్నిటితో కలిపిన సాఫ్టా 2006 జనవరి 1 నుంచి మొదలైంది. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో సరుకుల ఒప్పందం 2010 జనవరి 1 నుంచి నడుస్తోంది.

పేరులో 'స్వేచ్ఛ' ఉంది కాబట్టి తలుపులు బార్లా తెరిచినట్టు ఊహించుకుంటాం. నిజానికి ఈ ఒప్పందాల అసలు కాగితం వందల పేజీలు ఉంటుంది. ముందు పేజీల్లో స్నేహం, సహకారం వంటి మాటలుంటాయి. వెనక పేజీల్లో ఏ సరుకుకు ఏ ఏడాది ఎంత సుంకం, ఏ సరుకుకు అసలు రాయితీ లేదు, 'మా దేశంలో తయారైంది' అని చెప్పుకోవడానికి ఏం రుజువు చూపాలి అనే జాబితాలుంటాయి. లాభనష్టాలన్నీ తేలేది ఆ వెనక పేజీల్లోనే. మంత్రులు చేతులు కలిపిన ఫొటో చూసి ఒప్పందం మంచిదో చెడ్డదో చెప్పేవాళ్లను నేను పెద్దగా నమ్మను.

సుంకం తగ్గితే సరుకు చవకవుతుంది, అందరికీ లాభమే కదా అనిపిస్తుంది. జేకబ్ వైనర్ అనే ఆర్థికవేత్త 1950లోనే దీనికి ఒక మెలిక చూపించాడు. చిన్న లెక్కతో చెబుతాను. అంకెలు నేను ఊహించినవే. ఒక బల్బు చైనాలో 100 రూపాయలు, థాయ్‌లాండ్‌లో 110 రూపాయలు అనుకుందాం. ఇద్దరి మీదా 20 శాతం సుంకం ఉంటే, మనకు చైనా బల్బు 120కి, థాయ్ బల్బు 132కి పడుతుంది. మనం చైనాదే కొంటాం. ఇప్పుడు థాయ్‌లాండ్‌తో ఒప్పందం చేసుకుని వాళ్ల సుంకం తీసేశాం. థాయ్ బల్బు 110కే వస్తుంది. కొనేవాడికి 10 రూపాయలు మిగిలాయి. సంతోషమే. కానీ ఇంతకుముందు చైనా బల్బు మీద ఖజానాకు వచ్చిన 20 రూపాయలు పోయాయి. దేశం మొత్తంగా లెక్క చూస్తే 10 రూపాయల నష్టం. చవకగా చేసేవాడి దగ్గర కొనడం మాని, రాయితీ ఉన్నవాడి దగ్గర కొన్నాం. దీన్నే వాణిజ్య మళ్లింపు అంటారు. అలా కాక, ఇక్కడ ఎక్కువ ఖర్చుతో చేసుకుంటున్నదాన్ని మానేసి, భాగస్వామి దేశంలో నిజంగానే చవకగా తయారయ్యేదాన్ని తెచ్చుకుంటే అది కొత్త వాణిజ్యం. ప్రతి ఒప్పందంలోనూ ఈ రెండూ కలిసే ఉంటాయి. ఏది ఎంత అన్నదే ప్రశ్న. పన్నులు తక్కువగా వసూలయ్యే పేదదేశాలకు కస్టమ్స్ ఆదాయం ముఖ్యం కాబట్టి, ఈ పోయిన 20 రూపాయలు వాళ్లకు ఇంకా ఎక్కువ నొప్పి కలిగిస్తాయి.

లంక వనస్పతి కథ

వెనక పేజీల మహిమ చూడాలంటే శ్రీలంక ఒప్పందాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. 1998 డిసెంబరు 28న సంతకాలయ్యాయి. మనం పెద్ద దేశం, వాళ్లు చిన్న దేశం. అందుకని మనం సుంకాలను మూడేళ్లలో తీసేయాలి, వాళ్లు ఎనిమిదేళ్లలో తీసేస్తే చాలు. వాళ్ల మినహాయింపుల జాబితా కూడా మనదానికన్నా పొడుగు. ఇంతవరకు పద్ధతిగానే ఉంది. బలహీనుడికి ఎక్కువ సమయం ఇవ్వడం న్యాయం.

ఆ రోజుల్లో మన దగ్గర ముడి పామాయిల్ మీద సుంకం చాలా ఎక్కువ. శ్రీలంకలో ఆ నూనెను వనస్పతి పరిశ్రమకు సుంకం లేకుండా దిగుమతి చేసుకునే వీలుంది. ఒప్పందం ప్రకారం శ్రీలంకలో 35 శాతం విలువ జోడించి, సరుకు కస్టమ్స్ పద్దులో నాలుగంకెల వర్గం మారితే చాలు, అది శ్రీలంక సరుకే. పామాయిల్ వర్గం 1511. దాన్ని హైడ్రోజన్‌తో గట్టిపరిచి వనస్పతి చేస్తే వర్గం 1516 అవుతుంది. అంతే. ఇండోనేషియా, మలేషియాల నూనె కొలంబోలో దిగి, వనస్పతిగా మారి, సుంకం లేకుండా మన దేశంలోకి రావడం మొదలైంది. తమాషా ఏమిటంటే, ఆ ఫ్యాక్టరీలు పెట్టినవాళ్లలో చాలామంది మన దేశపు పెట్టుబడిదారులే. రాగి విషయంలోనూ ఇలాంటి ముచ్చటే నడిచింది.

లెక్కల్లో చూస్తే ఒప్పందం బ్రహ్మాండంగా పనిచేసినట్టు కనిపించింది. 2000లో మనకు శ్రీలంక ఎగుమతులు సుమారు 6 కోట్ల డాలర్లు. 2005 నాటికి దాదాపు 56 కోట్ల డాలర్లు. అందులో పెద్ద భాగం వనస్పతి, రాగి. మన వనస్పతి కర్మాగారాలవాళ్లు గగ్గోలు పెట్టారు. 2006లో మన ప్రభుత్వం ఏడాదికి 2.5 లక్షల టన్నుల హద్దు పెట్టింది. 2008 ఏప్రిల్‌లో ధరలు మండిపోతున్నాయని మన దగ్గరే ముడి పామాయిల్ సుంకాన్ని సున్నా చేశారు. ఇక లంక దారిలో తిప్పి తెచ్చుకోవాల్సిన అవసరమే లేకపోయింది. సుంకాల తేడా మీద కట్టిన ఆ ఫ్యాక్టరీలు చాలావరకు మూతపడ్డాయి. అక్కడి కార్మికుల ఉద్యోగాలు పోయాయి.

ఇది చూసి 'ఒప్పందమే దండగ' అనేవాళ్లున్నారు. నేను అలా అనను. లవంగాలు, మిరియాలు, పశువుల దాణా, విద్యుత్ వైర్లు లాంటివి ఆ తర్వాత కూడా లంక నుంచి మనకు వస్తూనే ఉన్నాయి. వాటికి అక్కడ నేలో, నైపుణ్యమో ఉంది. వనస్పతికి అక్కడ ఉన్నదల్లా సుంకాల తేడా ఒక్కటే. మిరియాల విషయంలోనూ వియత్నాం సరుకు లంక మీదుగా వస్తోందని కేరళ, కర్ణాటక రైతులు చాలాకాలం మొరపెట్టుకున్నారు. 2017 డిసెంబరులో కిలోకు 500 రూపాయల కన్నా తక్కువ ధరకు మిరియాలు దిగుమతి చేయరాదని ప్రభుత్వం నియమం తెచ్చింది.

అందుకే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ అనే కాగితానికి అంత ప్రాధాన్యం. సరుకు ఫలానా దేశంలోనే పుట్టిందని ఆ దేశపు అధికారిక సంస్థ ఇచ్చే ధ్రువపత్రం అది. ఆసియాన్ నుంచి వచ్చే సరుకుకు 'ఫారం ఏఐ' అని వస్తుంది. మేం బ్యాంకులో ఆ పత్రం లెటర్ ఆఫ్ క్రెడిట్ షరతులకు సరిపోయిందా లేదా అని మాత్రమే చూస్తాం. సరుకు నిజంగా అక్కడ పుట్టిందా అన్నది మా పని కాదు. 2020 సెప్టెంబరు 21 నుంచి మన కస్టమ్స్ కొత్త నిబంధనలు తెచ్చింది. ధ్రువపత్రం చూపితే సరిపోదు, ఆ సరుకు అక్కడ ఎలా తయారైందో, విలువ ఎలా జోడించారో దిగుమతిదారు దగ్గర కూడా వివరాలుండాలి. మా విభాగంలో ఉన్న మిత్రులు చెప్పేదాన్నిబట్టి, ఆ తర్వాత దిగుమతిదారులు అమ్మేవాణ్ని ప్రశ్నలడగడం నేర్చుకున్నారు.

ఇరుగుపొరుగు సంగతి

సాఫ్టా గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, ఎందుకంటే జరిగింది తక్కువ. దక్షిణాసియా దేశాల మొత్తం వ్యాపారంలో తమలో తాము చేసుకునేది 5 శాతం దగ్గరే ఆగిపోయింది. ఆసియాన్‌లో అది నాలుగో వంతు వరకు ఉంటుంది. సుంకం తీసేసినా లారీ కదలకపోతే ఏం లాభం? పశ్చిమ బెంగాల్‌లోని పెట్రాపోల్ దగ్గర మన లారీ బంగ్లాదేశ్ వైపు బేనాపోల్‌కు సరుకు చేర్చడానికి 138 గంటలు పడుతోందని ప్రపంచ బ్యాంకు 2021లో లెక్కగట్టింది. అందులో 28 గంటలు ఒక లారీలోంచి మరో లారీలోకి సరుకు మార్చడానికే. మన కంపెనీకి బంగ్లాదేశ్‌తో కన్నా బ్రెజిల్‌తోనో జర్మనీతోనో వ్యాపారం చేయడం 15 నుంచి 20 శాతం చవక అని కూడా అదే నివేదిక చెప్పింది. పక్కింటికి పాయసం గిన్నె పంపడానికి ఊరంతా తిరిగి వెళ్లినట్టుంది వ్యవహారం.

గెల దగ్గరకు వద్దాం

ఆసియాన్ ఒప్పందం మాత్రం కాగితం మీద ఆగలేదు. 2010-11లో ఆ దేశాలతో మన వాణిజ్య లోటు 500 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉండేది. 2022-23లో వాళ్లకు మనం అమ్మింది 4,400 కోట్ల డాలర్లు, కొన్నది 8,700 కోట్ల డాలర్ల పైన. లోటు 4,300 కోట్ల డాలర్లు దాటింది. లోటు ఉన్నంత మాత్రాన నష్టపోయామని కాదు. కొన్నవాటిలో మన ఫ్యాక్టరీలకు కావాల్సిన ముడిసరుకు, విడిభాగాలు కూడా ఉన్నాయి. కానీ మనం అమ్ముకోగలమని ఆశించినంత అమ్ముకోలేదన్నది కూడా నిజం.

ఈ ఒప్పందం కుదిరేటప్పుడు అందరికన్నా ముందు మేల్కొన్నది కేరళ. 2009 అక్టోబరు 2న అక్కడ రాష్ట్రం పొడవునా మానవహారం కట్టి నిరసన తెలిపారు. రబ్బరు, కొబ్బరి, మిరియాలు, కాఫీ, తేయాకు, అన్నీ వాళ్ల తోటల్లో ఉన్నవే, ఆసియాన్‌లో విరివిగా పండేవే. మన తెలుగు నేల మీద ఆ సరుకుల్లో పెద్దగా లేనిది చాలా ఉంది కానీ, ఉన్నది ఒకటి ఉంది. అది ఆయిల్ పామ్. దేశంలో ఆయిల్ పామ్ గెలలు పండించడంలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణది రెండోది. ఏలూరు దగ్గర పెదవేగిలో ఈ పంట మీద జాతీయ పరిశోధన సంస్థే ఉంది. ఖమ్మం వైపు అశ్వారావుపేటలో ఫ్యాక్టరీ ఉంది.

ఒప్పందంలో ముడి పామాయిల్, శుద్ధి చేసిన పామాయిల్, కాఫీ, తేయాకు, మిరియాలు అనే ఐదింటిని ప్రత్యేక సరుకులుగా పెట్టారు. వాటి మీద సుంకం సున్నా కాదు, మెట్లు మెట్లుగా దిగుతుంది. ముడి పామాయిల్ 80 శాతంతో మొదలై 2019 చివరికి 37.5 శాతానికి, శుద్ధి చేసిన నూనె 90 నుంచి 45 శాతానికి దిగాలి. ప్రపంచ వాణిజ్య సంస్థలో మనకు పామాయిల్ మీద 300 శాతం వరకు వేసుకునే హక్కు ఉంది. అంత ఎవరూ వేయరు, వేయకూడదు కూడా. కానీ గొడుగు ఎంత పెద్దదో తెలియాలి కదా. 300 గొడుగు 37.5 గొడుగైంది.

2018 మార్చిలో రైతులకు ధర రావాలని మన ప్రభుత్వం ముడి నూనె మీద 44, శుద్ధి చేసిన దాని మీద 54 శాతం సుంకం వేసింది. ఆ తర్వాత ఒప్పందం మెట్లు అడ్డొచ్చాయి. 2019 జనవరి 1న ముడి నూనె 40కి, శుద్ధి చేసినది 50కి దిగింది. మలేషియాతో మనకు 2011 నుంచి విడిగా మరో ఒప్పందం ఉంది. దాని ప్రకారం అక్కడి శుద్ధి చేసిన నూనె 45కే వచ్చింది. అంటే మలేషియా ముడి నూనెకు, శుద్ధి చేసిన నూనెకు మధ్య తేడా 5 శాతమే.

ఈ 5 శాతంలో ఏముందనుకోవచ్చు. కాకినాడ, కృష్ణపట్నం రేవుల పక్కన ఉన్న నూనె శుద్ధి కర్మాగారాలు బతికేదే ఆ తేడా మీద. ముడి నూనె తెచ్చుకుని, ఇక్కడ కరెంటు కాల్చి, కూలీలకు జీతాలిచ్చి శుద్ధి చేయాలంటే, తయారైన నూనె కన్నా ముడి నూనె తగినంత చవకగా దొరకాలి. తేడా పోతే శుద్ధి చేసిన నూనె నేరుగా తెచ్చి ప్యాకెట్లలో నింపుకోవడమే మేలు. పైగా ఇండోనేషియా, మలేషియాలు తమ వైపు నుంచి ముడి నూనె ఎగుమతి మీద ఎక్కువ పన్ను, శుద్ధి చేసిన దాని మీద తక్కువ పన్ను వేస్తూ వచ్చాయి. ఫ్యాక్టరీ ఉద్యోగాలు తమ దేశంలోనే ఉండాలని వాళ్ల ఆలోచన. తప్పు పట్టలేం. మన దిగుమతి సుంకానికి ఒప్పందంలో హద్దుంది, వాళ్ల ఎగుమతి పన్నుకు అలాంటి హద్దు లేదు. 2019లో శుద్ధి చేసిన నూనె మలేషియా నుంచి వెల్లువలా వచ్చింది. సెప్టెంబరులో ప్రభుత్వం దాని మీద అదనంగా 5 శాతం రక్షణ సుంకం వేసింది. 2020 జనవరిలో శుద్ధి చేసిన పామాయిల్‌ను స్వేచ్ఛగా దిగుమతి చేసుకునే జాబితా నుంచే తీసేసింది.

ఇప్పుడు రైతు దగ్గరకు వెళ్దాం. మన రెండు రాష్ట్రాల్లో ఆయిల్ పామ్ గెలల ధర నెలనెలా ప్రకటిస్తారు. గెలలో ఎంత శాతం నూనె వస్తుందో లెక్కకట్టి, దాన్ని ముడి నూనె ధరతో ముడిపెడతారు. ఆ శాతం మీకు ఎక్కువ, మాకు తక్కువ అని ఆంధ్ర, తెలంగాణ రైతులు పోల్చుకుని అధికారులను నిలదీయడం అక్కడ మామూలే. ముడి నూనె ధరేమో అంతర్జాతీయ ధర, మన సుంకం కలిపి తేలేది. గెల కోసిన 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి. వరి, మిర్చిలాగా 'ధర వచ్చాక అమ్ముదాం' అని గిడ్డంగిలో పెట్టడం కుదరదు.

2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా తమ దేశంలో నూనె ధరలు పెరిగాయని పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. మన దగ్గర గెల ధర టన్ను 20 వేల రూపాయలు దాటింది. మే 23న వాళ్లు నిషేధం ఎత్తేశారు. నిల్వలన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. అప్పటికి మన దగ్గర ముడి నూనె మీద మొత్తం సుంకం 5.5 శాతమే. ధరల మంట ఆర్పడానికి తగ్గించినది అది. కొన్ని నెలల్లోనే గెల ధర 13 వేల దరిదాపులకు పడిపోయింది.

తోట రుణం ఇచ్చేటప్పుడు మేం ఏం చూస్తాం? మొక్క వేసిన మూడు నాలుగేళ్ల దాకా కాపు రాదు. అప్పటిదాకా వాయిదాలు అడగం. అరటో, మరొకటో అంతర పంటతో రైతు నెట్టుకొస్తాడు. తోట పెరిగాక నీడలో కోకో వేస్తాడు. కాపు మొదలయ్యాక టన్నుకు ఇంత ధర అనుకుని వాయిదా కడతాం. ఆ 'ఇంత' దగ్గరే అంతా ఉంది. 20 వేలు అని రాసినా, 13 వేలు అని రాసినా, రాసేటప్పుడు రెండూ సబబుగానే అనిపిస్తాయి. మా శాఖకు వచ్చే ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "మేనేజరు బాబూ, మా చెట్టుకి ముప్పై ఏళ్లు ఆయుష్షు. మీ సుంకానికి ముప్పై రోజులు కూడా గ్యారంటీ లేదు. ఇంక దేన్ని చూసుకుని మొక్క వెయ్యమంటారు?" సుంకం నాది కాదని చెప్పాను కానీ, ప్రశ్న న్యాయమైనదే.

2024 సెప్టెంబరులో ముడి నూనె మీద మొత్తం సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు. తెలంగాణలో 14 వేల పైచిలుకు ఉన్న గెల ధర 17 వేలకు చేరింది. రైతులు సంతోషించారు. వంటనూనె ప్యాకెట్టు ధర పెరిగిందని పట్నాల్లో ఇళ్లవాళ్లు గొణుక్కున్నారు. 2025 మే 30న దాన్ని 16.5 శాతానికి దించారు. శుద్ధి చేసిన దాని మీద 35.75 అలాగే ఉంచారు. తేడా 8.25 నుంచి 19.25 శాతానికి పెరిగింది కాబట్టి ఈసారి కర్మాగారాలు ఊపిరి పీల్చుకున్నాయి. చూడండి, ఒకే సుంకం. పెంచితే రైతుకు మేలు, దించితే వంటింటికి మేలు, తేడా పెంచితే కర్మాగారానికి మేలు. ముగ్గురూ మన ఖాతాదారులే.

జాగ్రత్తగా గమనిస్తే, ఈ హెచ్చుతగ్గులన్నీ ఒప్పందం హద్దు 37.5కు లోపలే జరిగాయి. అంటే రైతు కష్టానికి కారణమంతా ఒప్పందమే అనడం సరికాదు. మన సుంకం మనమే రెండేళ్లలో ఐదుసార్లు మార్చుకుంటే దానికి జకార్తాను, కౌలాలంపూర్‌ను తిట్టి లాభం లేదు. ఒప్పందం చేసింది ఏమిటంటే, ధర బాగా పడిపోయిన రోజున గొడుగు ఎంతవరకు విప్పగలమో దానికి హద్దు గీసింది. నా మట్టుకు నేను ఆ హద్దు కన్నా, హద్దు లోపలి మన నిలకడలేనితనమే ఎక్కువ నష్టం చేసిందనుకుంటాను.

నష్టపోయేవాడికి ఏం ఇస్తున్నాం?

వర్ధమాన దేశాల్లో ఒప్పందాల లాభం పలచగా కోట్లమంది మీద పరుచుకుంటుంది. ప్యాకెట్టుకు నాలుగైదు రూపాయలు తగ్గితే ఎవరూ పండగ చేసుకోరు. నష్టం మాత్రం కొద్దిమంది మీద, ఒకే మండలం మీద, ఒకే పంట మీద గట్టిగా పడుతుంది. ధనిక దేశాల్లో పని పోయినవాడికి ప్రభుత్వ భృతి, కొత్త పని నేర్చుకునే ఏర్పాట్లు ఎంతో కొంత ఉంటాయి. మన దగ్గర తోట కొట్టేసుకున్న రైతుకు అలాంటివి లేవు. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మన దేశం ఆర్‌సెప్ అనే పెద్ద ఒప్పందంలో చేరనని చెప్పి బయటికి వచ్చినప్పుడు, పాడి రైతుల భయం దానికి ఒక ముఖ్య కారణం. రెండు గేదెలున్న ఇంటికి న్యూజిలాండ్ పాలపొడితో పోటీ పెట్టడం ఎవరికైనా ఇబ్బందే. మిగతా 15 దేశాలు మరుసటి ఏడాది నవంబరులో సంతకాలు చేసేసుకున్నాయి. చేరకపోవడం వల్ల మనం పోగొట్టుకున్నదీ ఉంటుంది, కానీ అది వేరే వ్యాసం.

ఆయిల్ పామ్ విషయంలో 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్లతో జాతీయ పథకం తెచ్చింది. అందులో నాకు నచ్చింది మొక్కల సబ్సిడీ కాదు, ధర భరోసా. గత ఐదేళ్ల ముడి నూనె సగటు ధరను సూచీతో సరిచేసి, అందులో 14.3 శాతాన్ని గిట్టుబాటు ధరగా లెక్కగడతారు. ఫ్యాక్టరీ ఇచ్చే ధర దానికన్నా తక్కువైతే తేడా రైతు ఖాతాలో వేయాలి. ఇలాంటి భరోసా ఉంటే సుంకాన్ని మాటిమాటికీ కదపకుండానే రైతును, వంటింటిని ఇద్దరినీ చూసుకోవచ్చు. అది ఆలస్యం లేకుండా ఖాతాలో పడితే మా వాయిదాల లెక్క కూడా నిలబడుతుంది.

ఒప్పందాల రెండో వైపు మన చేతిలో ఉన్నది. ఆసియాన్ దేశాలవాళ్లు మన సరుకు మీద తగ్గించిన సుంకాన్ని మన చిన్న ఎగుమతిదారులు చాలామంది అసలు వాడుకోరు. గుంటూరు మిర్చి థాయ్‌లాండ్, మలేషియా, ఇండోనేషియా, వియత్నాంలకు వెళుతుంది. సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ జతచేస్తే అక్కడ కొనేవాడికి సుంకం తగ్గే చోట, మన వ్యాపారి 'ఆ కాగితాల గోల ఎందుకు' అని వదిలేస్తాడు. ఈ ధ్రువపత్రానికి ఇప్పుడు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. మీ ఇళ్లలో, బంధువుల్లో ఎగుమతులు చేసే చిన్న యూనిట్లు ఉంటే, సరుకు ఏ దేశానికి వెళుతోందో, ఆ దేశంతో మనకు ఒప్పందం ఉందో లేదో, తమ సరుకు ఏ వర్గం కింద వస్తుందో ఒకసారి చూసుకోమని చెప్పండి. విదేశీ మారకద్రవ్య లావాదేవీలు చేసే మన శాఖల్లో అడిగినా దారి చూపిస్తారు.

ఆసియాన్ సరుకుల ఒప్పందాన్ని సమీక్షించడానికి 2023 ఆగస్టులో రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి, ఆ తర్వాతి ఏడాది చర్చలు మొదలయ్యాయి. ఆ సమీక్ష ఫలితాల్లో నేను వెతికేవి మూడు. మూలస్థానం రుజువు చేసే నియమాలు ఒక్కో సరుకుకు తగినట్టు మారాయా? ముడి నూనెకు, శుద్ధి చేసిన నూనెకు మధ్య తేడా నిలిచిందా? మనకు సుంకం హద్దు ఉన్నట్టే, వాళ్ల ఎగుమతి పన్నులకు, అకస్మాత్తు నిషేధాలకు ఏదైనా కట్టుబాటు వచ్చిందా? మూడోది దొరకడం కష్టమే. పూర్తి హద్దు దొరక్కపోయినా, నిషేధానికి కొన్ని వారాల ముందు నోటీసు ఇవ్వాలన్న షరతు దొరికినా చాలు. 2022 ఏప్రిల్‌లో అదే ఉండి ఉంటే మా శాఖ పరిధిలో గెలలు కోసే రైతులు ఆ వేసవి లెక్కలు ఇంకోలా వేసుకునేవాళ్లు.